గోటి గుర్తులు

ఆ మాట ఇంట్లో ఇద్దరే ఉన్నప్పుడు అనుంటే ఆమె పట్టించుకునేది కాదు. ముప్పై ఏళ్ల కాపురంలో అలాంటివి ఎన్ని విన్లేదు! ఈ చెవితో విని ఆ చెవితో వదిలేసేది. కానీ ప్రెస్సు ఫోర్‌మన్ ముందు గదిలో కూర్చుని ఉండగా, ఆమె అతని చేతికి మంచినీళ్ల గ్లాసు అందిస్తుండగా అన్నాడు భర్త. నెగెటివ్‌ని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుని, వెనక్కి కూడా తిరక్కుండా అన్నాడు.

"గోళ్లండీ. మా ఆవిడ గోళ్లు. తడి ఫిల్మ్ ఆరేసేటప్పుడు తగిలించేసింది. ఎన్నిసార్లు చెప్పినా అంతే."

ఫోర్‌మన్ గ్లాసు పుచ్చుకున్నాడు గానీ తాగలేదు. ఆమె చేతుల వైపు చూశాడు. చూడకూడదనుకుంటూనే చూసినట్టు చూశాడు. ఆమె ఖాళీ పళ్లెం పొట్టకి ఆనించుకుని వేళ్లు దాని వెనక దాచుకుంది. దాచాక, దొంగలా ఎందుకు దాచానా అని మనసులో తిట్టుకుంది.

"ఎన్ని పోయాయి మాస్టారూ?" అన్నాడు ఫోర్‌మన్.

"పదకొండు బొమ్మలు. ముఖాల మీదే పడ్డాయి. నెలవంకల్లా ఉన్నాయి, చూడండి."

ఫోర్‌మన్ చూడలేదు. "ఆ పదకొండు మందినీ మళ్లీ పిలుస్తాలెండి. ఊళ్లోనే ఉన్నారు, ఎక్కడికి పోతారు," అన్నాడు. చొక్కా జేబులోంచి మరో రోలు తీసి బల్ల మీద నిలబెట్టాడు. "కానీ ఇది మాత్రం జాగ్రత్తండీ. ఇది ఆఖరి రోజు తీసింది. మిషన్ల దగ్గర అందరూ నిలబడి ఉన్నారు. మర్నాడే పాత ఇనుము వాళ్లొచ్చి ఊడదీసుకుపోయారు. మనుషుల్ని పిలవగలను గానీ మిషన్లని పిలవలేనుగా."

అతను నలభై ఏళ్లు ఆ ప్రెస్సులో సీసపు అక్షరాలు పేర్చినవాడు. ప్రెస్సు మూసేస్తున్నారని తెలిశాక తండ్రి వాడిన కెమెరా దుమ్ము దులిపి, ఎక్కడో దూరదేశంలో ఇప్పటికీ పాత పద్ధతిలో తయారు చేస్తున్న నలుపు తెలుపు ఫిల్ము తెప్పించుకున్నాడు. సెల్‌ఫోనులో తియ్యొచ్చుగా అని ఎవరన్నా అంటే, "ఫోనుతో పాటే పోతాయవి. మేం అక్షరాన్ని చేత్తో పట్టుకున్న వాళ్లం. బొమ్మ కూడా చేతికి తగలాలి," అనేవాడు. ఆ ఫిల్ము మీది మందుపూత మహా సుకుమారం. పాల మీద మీగడ లాంటిది. నీళ్లు రెండు డిగ్రీలు వేడెక్కితే ముడతలు పడుతుంది, తడిగా ఉన్నప్పుడు తాకితే ఊడొస్తుంది. సొంత ఫోటో స్టూడియో మూసేశాక కూడా ఇంట్లో స్నానాలగదిలో చీకటి చేసుకుని ఇలాంటివి కడిగేవాడు ఈ పేటలో ఆమె భర్త ఒక్కడే. అందుకే ఫోర్‌మన్ ఇక్కడికొచ్చాడు.

అతను వెళ్లాక ఆమె గ్లాసు తీసి చూసింది. నీళ్లు ముట్టలేదు.

"శుక్రవారం ఈ రోలు కడుగుతాను. నువ్వు ముట్టుకోకు. ఆరేసేది కూడా నేనే," అన్నాడు భర్త.

"అలాగే," అందామె.

ఆ రాత్రి ఆమెకి నిద్ర సరిగా పట్టలేదు. మర్నాడు ఆయన మందుల షాపుకి వెళ్లగానే ముందుగా చేసిన పని, తన చేతులు కిటికీ దగ్గర పట్టుకుని చూసుకోవడం. గోళ్లు చర్మం దాకా కత్తిరించి ఉన్నాయి. ఇరవై ఏళ్లుగా అంతే. స్టూడియో రోజుల నుంచీ ఫిల్ము కడిగే హైపో మందులో చేతులు పెట్టీ పెట్టీ గోళ్లు పెంచుకోవడమన్నది మర్చిపోయింది. అయినా ఏమో, తగిలిందేమో. తనదే తప్పయితే ఒప్పుకోవడానికి సిగ్గేం లేదు, కానీ తెలియాలి.

పాడైన రోలు చివర బొమ్మ లేకుండా, వెలుతురు తగిలి నల్లబడిన బెత్తెడు ముక్క ఉంది. అది కత్తిరించి నీళ్లలో నానేసింది. పావుగంటయ్యాక తీసి, అనుమానం లేకుండా గోటితో గట్టిగా నొక్కి గీసింది. పూత పొట్టులా లేచొచ్చి గోటికి అంటుకుంది. ముక్కని వెలుతురుకి పట్టుకుంటే గీసిన చోట అద్దంలా అవతలికి కనిపిస్తోంది. దాని పక్కనే పాడైన నెగెటివ్ పెట్టి చూసింది. ఒక బొమ్మలో కళ్లజోడు పెట్టుకున్న ముసలి కంపోజిటరు. అతని చెంప మీద నెలవంక. దాని గుండా అవతలికి కనిపించడం లేదు, నల్లగా ఉంది. నెగెటివ్‌ని ఏటవాలుగా తిప్పి చూసింది. పూత ఎక్కడా లేవలేదు. లోపల మాత్రం చిన్న మడత.

గోరు తగిలితే పూత పోవాలి. ఇక్కడ పూత పోలేదు.

ఆమె స్టూలు మీద కూర్చుంది. సంతోషం రావాలి, రాలేదు. నలభై ఏళ్ల నుంచి నెగెటివ్‌లు చూస్తున్న మనిషికి నలుపుకీ తెలుపుకీ తేడా తెలియదా? ఆమెకి పావుగంటలో తెలిసింది, ఆయనకి ఒక్క చూపులో తెలియాలి. తెలిసే అన్నాడా? లేక చూడదలుచుకోక అన్నాడా?

సాయంత్రం చెల్లెలు వచ్చింది. పక్క వీధిలో కుట్టుమిషను పెట్టుకుంది. రోజూ ఓ గంట ఇక్కడ కూర్చుని కాజాలు కుట్టుకుంటూ పేట సంగతులన్నీ విప్పుతుంది. ఆమె జరిగింది చెప్పి, రెండు ముక్కలూ చూపించింది.

"ఇంకేం, బావ ముఖం మీద పెట్టి చూపించు," అంది చెల్లెలు. "పరాయివాడి ముందు పరువు తీశాడు కదా. ఆ ఫోర్‌మన్నే పిలిచి, అతని ముందే చూపించు."

"చూపిస్తా. కానీ ఇవి ఎందుకు పడ్డాయో ముందు తెలియాలిగా. గోరు కాదంటే మరేంటి అని అడుగుతారు."

"నువ్వు వకీలువి అవ్వాల్సింది అక్కా. తప్పిపోయింది."

అటక మీద స్టూడియో నాటి అట్టపెట్టెలో వాడని పాత రోళ్లు నాలుగైదు ఉన్నాయి. ఎక్స్‌పైర్ అయిపోయి ఎందుకూ పనికిరానివి. ఇనప తీగెతో చుట్టిన స్పైరల్ కూడా ఇంకోటుంది. ఫిల్మ్ కడగాలంటే ముందు దాన్ని ఆ తీగె చుట్ల మధ్య, ఒక పొర ఇంకో పొరకి తగలకుండా చుట్టాలి. అదంతా కటిక చీకట్లో, వేళ్లతోనే. ఆ ఒక్క పనీ ఆయన ఎప్పుడూ ఆమెకి ఇవ్వలేదు. మందులు కలపడం, నీళ్లు చల్లబెట్టడం, కడగడం, ఆరెయ్యడం ఆమెవి. చుట్టడం ఆయనది. "అది నేర్పితే వచ్చేది కాదు, చెయ్యి పుట్టాలి," అనేవాడు.

బుధవారం మధ్యాహ్నం ఆయన పడుకున్నాక ఆమె పడగ్గది మూల కూర్చుని, దుప్పటి నెత్తి మీదుగా కప్పుకుని, కళ్లు మూసుకుని మొదలుపెట్టింది. ఫిల్మ్ కొసని మధ్యలో క్లిప్పు కింద దూర్చాలి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య దాన్ని కాస్త వంచి పట్టుకోవాలి. ఎక్కువ వంచితే మడత పడుతుంది, తక్కువైతే తీగెలో దిగదు. మొదటి చుట్టు ఎక్కింది. రెండోది ఎక్కింది. మూడోది తీగె మీంచి జారింది. ఆమె కొంచెం నెట్టింది.

టిక్.

చిన్న చప్పుడు. ఎండుటాకు మీద కాలేసినట్టు. ఆ చప్పుడు ఆమెకి తెలుసు. పోయిన శుక్రవారం స్నానాలగది తలుపు ఇవతల తువాలు పట్టుకుని నిలబడినప్పుడు లోపల్నుంచి వినబడింది. ఒకసారి కాదు, చాలాసార్లు. ఆయన ఏదో సర్దుతున్నాడనుకుంది.

దుప్పటి తీసేసి, ఫిల్మ్‌ని వెలుతురులోకి లాగింది. టిక్‌మన్న చోట మడత. అచ్చు గోటి గుర్తులాగే, నెలవంక.

అంటే ఆ వేళ్లకి పట్టు తెలియడం లేదు. అనుకోగానే గుర్తొచ్చిన వాటికి అంతు లేదు. మొన్న పొయ్యి మీంచి అప్పుడే దించిన స్టీలు గ్లాసు ఆయన మామూలుగా పట్టుకుని ముందు గదిలోకి తీసుకెళ్లాడు. ఆమె కంగారుగా, "కాలిపోతుందండీ!" అంటే, "ఏం లేదే," అన్నాడు. పేపరు పేజీలు రెండేసి తిప్పేసి, వార్త సగంలో ఆగిపోయిందని పేపరు వాణ్ణి తిడుతున్నాడు. చొక్కా పై బొత్తాం నెల రోజులుగా పెట్టుకోవడం లేదు, ఉక్కపోతంటున్నాడు. పన్నెండేళ్లుగా షుగరుంది. మందులు తెచ్చుకుంటాడు గానీ డాక్టరు దగ్గరికి రమ్మంటే వంద సాకులు చెబుతాడు.

"ఇప్పుడు చెప్పు మరి," అంది చెల్లెలు ఆ సాయంత్రం.

"ఏమని చెప్పను? మీ చేతులు పోయాయండీ అనా? ఆ మనిషికి మిగిలిందే అది."

"నీ మీద తోసెయ్యడానికి ఆయనకి నోరొచ్చింది కదా!"

"వచ్చింది. అందుకే ఒళ్లు మండుతోంది. చెప్పకుండా ఉందామంటే మంట, చెబుదామంటే జాలి. రెండూ ఒకే పొయ్యి మీద పెట్టినట్టుంది నాకు."

గురువారం కూడా ఆమె దుప్పటి కింద దూరింది. ఇప్పుడు రుజువు కోసం కాదు. ఊరికే, పంతం. నాలుగుసార్లు మడతపడింది. అయిదోసారి చివరిదాకా ఒక్క చప్పుడు లేకుండా ఎక్కింది. ఫిల్మ్ సరిగ్గా దిగుతుంటే పట్టుచీర కుచ్చిళ్లు సర్దుతున్నప్పటి సన్నటి గరగర వస్తుంది, అంతే. చెయ్యి పుట్టాలిట! రెండు మధ్యాహ్నాల్లో పుట్టింది. భోజనాల దగ్గర చెబుదామని నోరు తెరిచింది.

"రేపటి రోలు…"

"నేను చూసుకుంటానన్నానుగా," అన్నాడాయన. కంచంలోకి చూస్తూ అన్నాడు. ఆ గొంతులో కోపం కంటే బెదురెక్కువ వినిపించింది. ఆమె మజ్జిగ గిన్నె ఆయన వైపు జరిపింది.

శుక్రవారం పొద్దున పది దాటాక మొదలుపెట్టాడు. ఐసుముక్కలు వేసిన బేసిన్‌లో డెవలపర్ సీసా, హైపో సీసా నిలబెట్టాడు. థర్మామీటరు ఇరవై దగ్గర ఆగేదాకా కూర్చున్నాడు. స్నానాలగది వెంటిలేటరుకి నల్లగుడ్డ బిగించాడు. తలుపు కింద సందులో తువాలు దోపమని ఆమెకి చెప్పి, రోలు, స్పైరల్, వెలుతురు చొరని డబ్బా తీసుకుని లోపలికెళ్లి గడియ పెట్టుకున్నాడు. అప్పుడే చెల్లెలు వచ్చి వరండాలో చెప్పులు విడుస్తోంది. ఆమె నోటి మీద వేలు పెట్టుకుని పిలిచింది. అక్కచెల్లెళ్లిద్దరూ తలుపు ముందు పడగ్గదిలో, మంచం పట్టె మీద కూర్చున్నారు.

ముందు సన్నటి గరగర. ఆ తర్వాత, టిక్.

చెల్లెలు అక్క ముఖంలోకి చూసింది. టిక్. కాసేపు ఏమీ లేదు. టిక్, టిక్. లోపల పొడుగ్గా ఊపిరి వదిలిన చప్పుడు. మామూలుగా ఈ పనికి మూడు నిమిషాలు. గోడ గడియారంలో పదిహేనయ్యాయి.

"ఏవండీ, అయిందా?"

"అవుతుంది!"

మరో అయిదు నిమిషాలకి ఇనుము నేల మీద పడిన చప్పుడు ఖంగుమంది. దొర్లి, ఎక్కడో ఆగింది.

"ఏమైంది?" అంటూ లేచి తలుపు దగ్గరికెళ్లింది.

"తలుపు తోయకు! వెలుతురు పడుతుంది. స్పైరల్ పడిపోయింది. ఫిల్మ్ నా చేతిలోనే ఉంది, సగం ఊడి."

"వంగి వెతకొద్దు, ఫిల్మ్ తడి నేలకి తగులుతుంది. దాన్ని అలాగే వదులుగా చుట్టి డబ్బాలో పెట్టి మూతెయ్యండి. మూతేశాక తలుపు తియ్యొచ్చుగా."

"వేశాను."

"మరి తియ్యండి."

మూత డబ్బా మీద తిరుగుతున్న చప్పుడు. ఆగింది. మళ్లీ తిరిగింది.

"ఏవండీ?"

"పట్టిందో లేదో తెలియట్లేదు," అన్నాడు.

"బిగించి చూడండి."

"బిగిస్తూనే ఉన్నాను!" అని అరిచి, తర్వాత పక్కనున్న వాళ్లకి కూడా వినపడకూడదన్నంత చిన్నగా అన్నాడు. "వేళ్లకి తెలియట్లేదే."

ఆమె తలుపుకి అరచెయ్యి ఆనించి ఒక్క క్షణం నిలబడింది. తర్వాత చకచకా పని మొదలుపెట్టింది. పడగ్గది కిటికీ రెక్కలు మూసింది. వాటి మీద రెండు దుప్పట్లు మేకులకి తగిలించింది. గది తలుపు మూసి, దాని సందుల్లో చీరలు కుక్కింది. అయినా కిటికీ పైన సన్నటి గీతలా వెలుతురు వస్తోంది. బొంత తీసి చెల్లెలి చేతుల్లో పెట్టింది.

"మంచమెక్కి, దీన్ని ఆ పై సందుకి అదిమిపట్టి నిలబడు. నేను చెప్పేదాకా దించకు."

"చేతులు పడిపోతాయేమో అక్కా."

"పడిపోతే కుట్టుకుందువుగానిలే, దర్జీవేగా."

గది చీకటైంది. కన్ను పొడుచుకున్నా కానరానంత చీకటి. ఆమె తడుముకుంటూ వెళ్లి, "గడియ తియ్యండి," అంది. తలుపు కొంచెం తెరుచుకుంది. లోపలికి దూరి మళ్లీ మూసింది. చెమట వాసన, హైపో పుల్ల వాసన. ఆమె చెయ్యి ముందు ఆయన చొక్కాకి తగిలింది. చొక్కా తడిసి ముద్దయింది.

"డబ్బా ఇటివ్వండి."

వేళ్లతో మూత చుట్టూ తడిమింది. ఒకవైపు దిగలేదు. చిటికెనవేలు పట్టేంత సందుంది. లైటు వేసుంటే అంతా అయిపోయేది. ఆ మాట ఆయనకి చెప్పలేదు. వంగి, నేలంతా తడిమి, నీళ్లు పోయే తూము పక్కన స్పైరల్ పట్టుకుంది. చీర కుచ్చిళ్లకి తుడిచి, పొడిగా ఉందో లేదో చెంపకి ఆనించి చూసింది.

"ఫిల్మ్ తియ్యండి. అంచులు పట్టుకోండి, మధ్యలో కాదు."

"నాకు చెబుతున్నావా?" అన్నాడు. అలవాటుగా అన్నాడు. కానీ అందించాడు.

ఆమె కొస వెతికి పట్టుకుంది. ఆయన చేతుల్లో నలిగిన భాగం మొదట వచ్చింది, మడతలు వేళ్లకి తగులుతున్నాయి. వాటిని నెమ్మదిగా దాటించింది. గరగర మొదలైంది. మధ్యలో ఒకసారి ఫిల్మ్ పక్కకి లాగింది. ఆమె నెట్టలేదు. ఆగి, రెండు చుట్లు వెనక్కి విప్పి, మళ్లీ ఎక్కించింది. ఆయన ఊపిరి బిగపట్టి వింటున్నాడని తెలుస్తోంది. బయట మంచం కిర్రుమంది.

"బావా, బతికే ఉన్నారా?" అని కేకేసింది చెల్లెలు.

"నువ్వు కదలకు ముందు!" అన్నారిద్దరూ ఒకేసారి.

చివరిదాకా ఎక్కింది. స్పైరల్‌ని డబ్బాలో దించి, మూత పెట్టి తిప్పింది. చుట్టూతా వేలితో చూసింది. ఇంకోసారి చూసింది.

"ఎప్పుడు నేర్చుకున్నావు?" అన్నాడు చీకట్లో.

"తిట్టించుకున్నాక."

ఆమె చెయ్యి చాచి లైటు వేసి, చెల్లెల్ని ఇక దిగమని కేకేసింది.

మిగతా పని ఎప్పటిలా జరిగింది, కాకపోతే మనుషులు మారారు. ఆయన స్టూలు మీద కూర్చుని గడియారం చూస్తూ నిమిషాలు చెప్పాడు. ఆమె డెవలపర్ పోసి, నిమిషానికొకసారి డబ్బాని పసిపిల్లని పక్క మార్చినట్టు ఒరిగించింది. హైపో, తర్వాత అదే చల్లదనంలో ఉన్న నీళ్లు, ఆరుసార్లు. కొస పట్టుకుని ఫిల్మ్ పైకి లాగింది. వేలితో తుడవలేదు, నీళ్లు వాటంతటవే కారనిచ్చి క్లిప్పు పెట్టి తీగెకి వేలాడదీసింది.

భోజనాలయ్యాక ఆరిన ఫిల్మ్ ముందు గది కిటికీ దగ్గర పట్టుకుని, ఆయన భూతద్దంతో చూడడం మొదలుపెట్టాడు. మొదటి ఏడు బొమ్మల్లో నల్లటి నెలవంకలున్నాయి. ఏడో బొమ్మ దగ్గర ఆగిపోయాయి. అక్కణ్ణుంచి ఇరవై తొమ్మిది బొమ్మలు, కడిగిన ముత్యాలు. మిషన్ల వరసలు, వాటి ముందు మోచేతుల దాకా చొక్కా చేతులు మడిచిన మనుషులు, నేల మీద రాలిన కాగితం పీలికలు, అన్నీ ఉన్నాయి. ఆయన మళ్లీ మొదటికొచ్చాడు. ఏడు దాకా వెళ్లాడు. ఎనిమిది చూశాడు. ఆమె గుమ్మంలో నిలబడి ఏమంటాడా అని చూసింది. ఆయన భూతద్దం సంచిలో పెట్టి, వరండాలోకెళ్లి చాలాసేపు కూర్చున్నాడు. ఆమె వెళ్లి పలకరించలేదు. ఇంకా కొంచెం మంట ఉంది లోపల, దాన్ని ఉండనిచ్చింది.

శనివారం ఫోర్‌మన్ వచ్చాడు. వస్తూనే, "ఎలా వచ్చాయి మాస్టారూ?" అన్నాడు, గుమ్మంలో ఉండగానే.

"కూర్చోండి. ఏడు పోయాయి. ఇరవై తొమ్మిది బాగున్నాయి."

ఫోర్‌మన్ ముఖం ముందు వాడి, తర్వాత విచ్చుకుంది. అతని కళ్లు అనుకోకుండా ఆమె చేతుల వైపు తిరిగాయి. భర్త అది చూశాడు.

"అటు చూడకండి," అన్నాడు. "పోయిన ఏడూ నావి. పోయినవారం పదకొండూ నావే. ఆవిడ గోళ్లు కాదు. షుగరు వల్ల నా వేళ్లకి పట్టు తెలియట్లేదు. తెలిసే ఆవిడ మీద పెట్టాను. ఆ ఇరవై తొమ్మిదీ ఆవిడ చుట్టింది."

ఫోర్‌మన్ తన రెండు చేతులూ ఒకసారి ముందుకు చాచి చూసుకున్నాడు. సీసం నల్లదనం గీతల్లో అలాగే ఉంది. "మాకూ వస్తుందండీ ఇది," అన్నాడు. "అక్షరం తిరగబడి పడితే మొదట పక్కవాణ్ణే తిడతాం."

తర్వాత సంచిలోంచి ఇంకో రెండు రోళ్లు తీశాడు. పాడైన పదకొండు మందినీ పిలిచి మళ్లీ తీసినవి, మిగిలినవాళ్లవి. అలవాటు కొద్దీ భర్త వైపు చాచి, సగంలో ఆగాడు. చెయ్యి గాల్లో అలాగే ఉండిపోయింది. ఆమె పమిట చెంగుకి చేతులు తుడుచుకుని ముందుకొచ్చి తీసుకుంది.

"సోమవారం కడుగుతాను. మంగళవారం రండి," అంది. "మంచినీళ్లు తాగుతారా?"

"ఇవ్వండమ్మా," అన్నాడు ఫోర్‌మన్.

అతను వెళ్లాక భర్త నెగెటివ్‌లు కవర్లలో పెట్టబోతే ఆమె వారించి తనే పెట్టింది. పెడుతూనే అంది. "సోమవారం పదింటికి డాక్టరు దగ్గర పేరు రాయించాను. చెల్లెలు తీసుకెళుతుంది మిమ్మల్ని."

"సోమవారం రోళ్లు కడగాలిగా!"

"నేను కడుగుతాను."

"నేను లేకుండానా?"

"ఉంటే మాత్రం ఏం, చీకట్లో మీరు కనబడతారా?"

ఆయనకి నవ్వొచ్చింది. ఆపుకోబోయాడు, కుదర్లేదు. ఆమె నవ్వలేదు గానీ, కవరు మీద ఇరవై తొమ్మిది అని రాసి, పెన్ను మూత పెట్టి, ఇన్నేళ్లూ నీళ్లు చల్లబెట్టింది తనే అయినా, "ఆ నీళ్లు చల్లబడ్డాయో లేదో మీ థర్మామీటరు నాకు సరిగా కనబడి చావదు. ఎక్కడ చూడాలో ఓసారి చెప్పి వెళ్లండి," అంది.

ఆయన థర్మామీటరు తెచ్చుకుని ఆమె పక్కన కూర్చున్నాడు.